'ఈ రంగే ఎందుకు?' అని అడిగితే

ప్రశ్న: డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. వెబ్ డిజైన్ సొంతంగా నేర్చుకుంటున్నాను. ఉచిత ఆన్‌లైన్ టూల్స్‌లో బాగున్న రంగులే నా పేజీలో పెడితే ఎబ్బెట్టుగా ఉంటున్నాయి. ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో 'ఈ రంగే ఎందుకు?' అని అడిగితే జవాబు చెప్పలేకపోయాను. బొమ్మలు గీయడం కూడా రాదు. డబ్బు కట్టి కోర్సులో చేరాలా, లేక డిజైన్ మానేసి కోడింగ్‌కి వెళ్లిపోవాలా?

జవాబు: ఆ రెండు నిర్ణయాలూ ఇప్పుడే అక్కర్లేదు. మీకు లోపించింది కళ కాదు, కారణం చెప్పే అలవాటు. అది ఉచిత టూల్స్‌తోనే వస్తుంది, కాకపోతే వాటిని వాడే పద్ధతి మారాలి.

కూలర్స్ (Coolors) అనే రంగులు సూచించే సైట్‌లో స్పేస్‌బార్ నొక్కగానే ఐదు రంగులు సమాన వెడల్పున పక్కపక్కన కనిపిస్తాయి. పేజీలో అలా ఉండదు. చాలా భాగం బ్యాక్‌గ్రౌండే, ఆ తర్వాత అక్షరాలు. బటన్‌కి దక్కేది కొంచెం చోటు. ఐదు ముదురు రంగులకూ సమానంగా చోటిస్తే అవి ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. మీ పేజీలో జరుగుతున్నది బహుశా ఇదే. ముందు పేజీ మొత్తం నలుపు, తెలుపు, బూడిద రంగుల్లోనే పూర్తి చేయండి. అలా చదవడానికి బాగుంటే అప్పుడు ఒక్క రంగు తెచ్చి, యూజర్ నొక్కాల్సిన చోట మాత్రమే పెట్టండి. రెండో రంగు నిజంగా కావాలో లేదో అప్పుడు మీకే తెలుస్తుంది. రియల్‌టైమ్ కలర్స్ అనే సైట్ ఇక్కడ బాగా పనికొస్తుంది. అక్షరాలకు ఏది, బ్యాక్‌గ్రౌండ్‌కి ఏది, బటన్‌కి ఏది అని విడివిడిగా ఎంచుకుంటే, నమూనా పేజీ మీద వెంటనే చూపిస్తుంది.

ఇక ఇంటర్వ్యూలో నిలబెట్టేది కాంట్రాస్ట్. అక్షరాల రంగుకీ వెనక రంగుకీ మధ్య వెలుగులో ఎంత తేడా ఉందో చెప్పే లెక్క ఇది. 1:1 నుంచి 21:1 వరకు ఉంటుంది. వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాల (వైకల్యం ఉన్నవాళ్లూ పేజీని వాడగలగాలని పెట్టిన నియమాల) ఏఏ (AA) స్థాయి ప్రకారం మామూలు అక్షరాలకు కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 ఉండాలి. వెబ్‌ఎయిమ్ అనే సంస్థ వారి ఉచిత కాంట్రాస్ట్ చెకర్‌లో రెండు రంగుల కోడ్‌లు ఇస్తే ఫలితం చెప్పేస్తుంది. తెలుపు మీద #767676 అనే బూడిద రంగు పాసవుతుంది, #777777 ఫెయిలవుతుంది. కంటికి ఆ తేడా తెలియదు. కళ్లకు కొట్టినట్టుండే అచ్చ ఎరుపు కూడా తెలుపు మీద దాదాపు 4:1 దగ్గరే ఆగిపోతుంది, అంటే చిన్న అక్షరాలకు సరిపోదు. 'ఈ రంగు నాకు నచ్చింది' అనే జవాబుకీ 'చూపు మందగించిన వాళ్లూ చదవగలగాలని ఈ నీలాన్ని ఇంత ముదురు చేశాను' అనే జవాబుకీ ఉన్న తేడాని ఉద్యోగం ఇచ్చేవాళ్లు వెంటనే పట్టేస్తారు.

ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియని వాళ్లు, ముఖ్యంగా మగవాళ్లలో, తక్కువేం కాదు. ఫారమ్‌లో తప్పు నింపిన గడికి ఎర్ర గీత ఒక్కటే పెడితే వాళ్లు గమనించకపోవచ్చు. పక్కన మాటల్లో కూడా రాయండి. క్రోమ్ బ్రౌజర్‌లోనే ఉండే డెవ్‌టూల్స్ (పేజీని పరీక్షించే పనిముట్లు) తెరిచి, రెండరింగ్ ట్యాబ్‌లో మీ పేజీ వాళ్లకు ఎలా కనిపిస్తుందో చూడొచ్చు. ఈ ఒక్క పరీక్ష చాలామంది చేయరు. దయచేసి మీరు చేయండి.

కోడింగ్‌కి వెళ్లినా రంగులు మిమ్మల్ని వదలవు. ఫ్రంట్‌ఎండ్‌లో, అంటే యూజర్‌కి కనిపించే పేజీని తయారుచేసే కోడింగ్‌లో, సీఎస్‌ఎస్ వేరియబుల్స్‌గా (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్‌లో పేరు పెట్టిన విలువలుగా) ఒకచోట రాసిపెట్టుకునే వాటిలో ముందుండేవి ఇవే. డార్క్ మోడ్ అడిగిన రోజు ఆ పద్ధతి విలువ తెలుస్తుంది. కాబట్టి ఈ నేర్చుకోవడం ఏ దారిలోనూ వృథా కాదు. బొమ్మలు గీయడం రాదన్న దిగులు మాత్రం వదిలేయండి, ఈ పనికి అది అవసరం లేదు.

కోర్సు గురించి: కలర్ వీల్, రంగుల జోడింపు లాంటివి అడోబ్ కలర్ అనే సైట్‌లో ఉచితంగానే ప్రయోగించి చూడొచ్చు. డబ్బు కట్టాలనుకుంటే, మీ పనిని చూసి తప్పొప్పులు చెప్పే గురువు ఉన్న చోటే కట్టండి. వీడియోలు మాత్రమే ఇచ్చే కోర్సు మీకు ఇప్పుడు పెద్దగా ఉపయోగపడదు.

ఈలోగా ఆ ఇంటర్వ్యూలో చూపించిన పేజీనే మళ్లీ తీయండి. పాత రూపం, కొత్త రూపం పక్కపక్కన పెట్టి, ఏ రంగు ఎందుకు మార్చారో, కాంట్రాస్ట్ ఎంత నుంచి ఎంతకు పెరిగిందో నాలుగైదు వాక్యాల్లో రాసి పోర్ట్‌ఫోలియోలో మొదటి ప్రాజెక్టుగా పెట్టండి. తర్వాతి అప్లికేషన్ దానితోనే పంపండి.