జెండాలోని రైతు ఎక్కడికి పోయాడు? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఉంటున్నారు. కొన్నేళ్ల క్రితం వారి దగ్గరికి వెళ్లినప్పుడు అక్కడి ప్రభుత్వ కార్యాలయం ముందు ఎగురుతున్న రాష్ట్ర జెండాలో పొలం దున్నుతున్న రైతు బొమ్మ చూసి ముచ్చటపడ్డాను. ఇప్పుడు ఆ జెండాను మార్చేశారట. కొత్తదానిలో నీలిరంగు, ఒక నక్షత్రం తప్ప మరేమీ లేవు. అన్నం పెట్టే రైతును తీసివేయడానికి వారికి మనసెలా ఒప్పింది?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, భవానీనగర్, తిరుపతి

జవాబు: రైతు మీద చిన్నచూపుతో తీసివేయలేదండీ. ఆ బొమ్మలో రైతు ఒక్కడే లేడు. మీరు చూసిన జెండా 1957 నుంచి వాడుకలో ఉన్నది. ముదురు నీలి గుడ్డ మధ్యలో రాష్ట్ర అధికార ముద్రలోని బొమ్మను అచ్చువేస్తే వచ్చిన జెండా అది. ఆ బొమ్మలో ముందువైపు రైతు నాగలి పట్టి దున్నుతుంటాడు, పక్కనే ఒక చెట్టు మొద్దుకు తుపాకి ఆనించి ఉంటుంది, వెనుకగా ఈటె పట్టిన ఆదివాసి ఒకడు గుర్రం మీద సాగిపోతుంటాడు. స్తంభం కింద నిలబడి చూసేవారికి నాగలి మాత్రమే కనిపించవచ్చు గాని, ఆ నేల మొదట ఎవరిదో తెలిసినవారికి నాగలి, తుపాకి, గుర్రపు రౌతు మూడూ కలిసి ఒకరు వచ్చి మరొకరిని వెళ్లగొట్టిన కథే చెబుతాయి.

అది ఊహించి చెప్పిన కథ కూడా కాదు. 1862లో అక్కడి డకోటా ఆదివాసులకు, అమెరికా ప్రభుత్వానికి మధ్య యుద్ధం జరిగింది. ఆ ఏడాది డిసెంబరు 26న మాంకాటో పట్టణంలో 38 మంది డకోటా పురుషులను ఒకేసారి ఉరితీశారు. మరుసటి ఏడాది డకోటా ప్రజలను ఆ రాష్ట్రం నుంచే పంపివేయడానికి అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. ఆదివాసుల నుంచి అభ్యంతరాలు రాగా, 1983లో ముద్రలోని రౌతు దక్షిణ దిక్కుగా వెళుతున్నట్లు సవరించారు. గుర్రాన్ని అటు తిప్పినా ఇటు తిప్పినా తుపాకి తుపాకిగానే ఉంది కాబట్టి ఆ సవరణ ఎవరినీ తృప్తిపరచలేదు.

చివరికి 2023లో శాసనసభ ఒక సంఘాన్ని ఏర్పాటు చేసి, జెండానూ ముద్రనూ రెంటినీ కొత్తగా రూపొందించమన్నది. ప్రజల నుంచి 2,000కు పైగా జెండా నమూనాలు వచ్చాయి. వాటిలో ఆండ్రూ ప్రెకర్ అనే యువకుడు పంపినదాన్ని ఎంచుకుని, కొంత మార్చి ఆమోదించారు. స్తంభం వైపున ఆ రాష్ట్ర పటం ఆకారాన్ని తలపించే ముదురు నీలి భాగం, అందులో ఎనిమిది కోణాల తెల్లని నక్షత్రం, మిగిలినదంతా సరస్సులకూ నదులకూ గుర్తుగా లేత నీలం. ఆ నక్షత్రం మన ధ్రువ నక్షత్రమే. అమెరికాకు ఉత్తరపు అంచున ఉన్న ఆ రాష్ట్రం ఉత్తర నక్షత్రాన్ని మొదటినుంచీ తన నినాదంలో నిలుపుకున్నది. 1858 మే 11న మిన్నెసోటా రాష్ట్రంగా ఏర్పడింది కనుక, 2024లో అదే తేదీన కొత్త జెండాను ఎగురవేశారు.

మీ బాధలో న్యాయం ఉన్న చోటు ఒకటుంది, అది కూడా చెప్పాలి. ప్రెకర్ మొదట పంపిన నమూనాలో కుడివైపు తెలుపు, ఆకుపచ్చ, లేత నీలం పట్టీలు మూడు ఉండేవి. తెలుపు మంచుకూ, ఆకుపచ్చ ప్రకృతికీ పంటపొలాలకూ, నీలం నీటికీ గుర్తులు. సంఘం వారు సరళంగా ఉండాలని మూడింటినీ కలిపి ఒకే లేత నీలంగా చేశారు. ఆ పచ్చ పట్టీ ఉండి ఉంటే బొమ్మ లేకపోయినా రైతుకు జెండాలో చోటు దక్కేది, ఏ ఆదివాసినీ నొప్పించేది కాదు. సరళత కోసం పడిన ఆరాటం అక్కడ ఒక అడుగు ఎక్కువ వేసిందని నా అభిప్రాయం. కొత్త జెండా సోమాలియా జెండాను పోలి ఉందని కొందరు, అడగవలసినంతమందిని అడగలేదని కొందరు అక్కడ ఇప్పటికీ విమర్శిస్తూనే ఉన్నారు. కొన్ని స్థానిక పాలక మండళ్లు పాత జెండావైపే మొగ్గాయి.

ప్రశ్న: పలమనేరు దాటి కర్ణాటకలో అడుగుపెడితే చాలు, ఆటోల మీద, కూడళ్లలో పసుపు, ఎరుపు జెండాలు కనిపిస్తాయి. నవంబరు 1 వస్తే చెప్పనక్కరలేదు. మన రాష్ట్రానికి అలాంటి జెండా ఎందుకు లేదు? పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకుంటుందా?
– డిగ్రీ విద్యార్థిని, పలమనేరు, చిత్తూరు జిల్లా

జవాబు: మీరు చూస్తున్నది కర్ణాటక ప్రభుత్వ జెండా కాదు, కన్నడ ఉద్యమపు జెండా. 1960లలో మ. రామమూర్తి గారు రూపొందించినది జనంలోకి వెళ్లిపోయింది. 2018 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం పసుపు, ఎరుపుల నడుమ తెలుపు చేర్చి, ఆ తెలుపులో గండభేరుండ చిహ్నాన్ని నిలిపి, అధికారిక జెండాగా గుర్తించమని కేంద్రానికి పంపింది. ఆమోదం రాలేదు. రాజ్యాంగంలో రాష్ట్ర పతాకాన్ని నిషేధించే నిబంధన గాని, దానికి వీలు కల్పించే నిబంధన గాని లేదు. అందువల్ల ఇది చట్టం కంటే రాజకీయ అంగీకారానికి సంబంధించిన విషయంగా మిగిలింది. ఏ పతాకమైనా జాతీయ పతాకం కంటే ఎత్తున గాని, సమానమైన ఎత్తున దాని పక్కన గాని ఎగరకూడదన్న నియమం మాత్రం స్పష్టంగా ఉంది.

సొంత జెండా అధికారికంగా ఉన్న రాష్ట్రం మన దేశంలో ఒక్క జమ్మూ కాశ్మీరే, అదీ 2019 వరకు. ఎర్రని గుడ్డమీద తెల్లని నాగలి, స్తంభం వైపున జమ్మూ, కాశ్మీరు, లడఖ్ ప్రాంతాలకు గుర్తుగా మూడు నిలువు గీతలు ఉండేవి. పై ప్రశ్న అడిగిన మాస్టారు కూడా దీన్ని గమనించగోరుతున్నాను: మనిషి బొమ్మ లేకుండా ఒక్క నాగలితోనే రైతును చెప్పవచ్చు.

ప్రశ్న: నేను కలంకారీ పని చేస్తాను. మన రాష్ట్రానికి ఎప్పుడైనా జెండా వస్తే ఎలా ఉండాలని సరదాగా గీసి చూస్తున్నాను. ఏడు కొండలు, గోపురం, పూర్ణకుంభం, విజయనగర వరాహం, ఎర్రచందనం చెట్టు, కృష్ణా గోదావరులు అన్నీ పెట్టాను. చూసినవారు బాగుందంటున్నారు గాని నాకే తృప్తిగా లేదు. లోపం ఎక్కడుంది?
– ఒక చిత్రకారుడు, శ్రీకాళహస్తి

జవాబు: లోపం మీ చేతిలో లేదు, అంశాల ఎంపికలో ఉంది. గుడిలో వేలాడదీసే కలంకారీ తెర ముందు భక్తుడు నిలబడి, ఒక్కో గడిలో ఒక్కో ఘట్టం చూసుకుంటూ, కింద రాసిన తెలుగు అక్షరాలు చదువుకుంటూ సాగుతాడు. జెండాకు ఆ తీరిక దొరకదు. అది ఎత్తున ఉంటుంది, గాలికి మడత పడుతుంది, గాలి లేకపోతే వేలాడిపోతుంది. అమెరికాలో చాలా రాష్ట్రాల జెండాలు నీలి గుడ్డ మీద అధికార ముద్ర వేసినవే కావడం వల్ల, దూరం నుంచి చూస్తే ఏది ఏ రాష్ట్రానిదో అక్కడివారికే తెలియదు.

మరొక చిక్కు ఉంది. జెండాకు రెండు ముఖాలుంటాయి. 1921లో బెజవాడలో పింగళి వెంకయ్య గారు గాంధీజీకి అందించిన జెండా నమూనా నుంచి ఎదిగిన కాంగ్రెస్ పతాకంలో రాట్నం ఉండేది. 1947 జులై 22న రాజ్యాంగ సభలో జాతీయ పతాకాన్ని ప్రతిపాదిస్తూ నెహ్రూ గారు చెప్పిన కారణాలలో ఇదొకటి: రాట్నానికి ఒక కొసన చక్రం, మరో కొసన కదురు ఉంటాయి కాబట్టి వెనుకనుంచి చూస్తే అది తారుమారవుతుంది, జెండా చిహ్నం రెండు వైపులా ఒకేలా ఉండాలి. అందుకే రాట్నంలోని చక్రాన్ని మాత్రం ఉంచి, దానికి అశోకుని ధర్మచక్రం రూపం ఇచ్చారు. మీ వరాహాన్ని ఇదే పరీక్షకు పెట్టండి. విజయనగర రాజులు చంద్రగిరిని రాజధాని చేసుకున్నారు కాబట్టి మన సీమవారికి ఆ చిహ్నం మీద మమకారం ఉండడం సహజమే, కాని ఇటువైపునుంచి ఎడమకు నడిచే వరాహం గుడ్డ అటువైపునుంచి చూస్తే కుడికి తిరిగి నడుస్తుంది. పూర్ణకుంభానికి ఆ ఇబ్బంది లేదు.

గోపురాన్ని, కొండలను తీసివేయమని తిరుపతి పక్కన ఉన్నవారికి చెప్పడం సులభం కాదు. అయినా చెబుతున్నాను. తిరుమల బ్రహ్మోత్సవాల తొలినాడు కొత్తవస్త్రం మీద గరుత్మంతుని చిత్రించి ధ్వజస్తంభానికి ఎగురవేస్తారు; సకల దేవతలకు అది ఆహ్వానం. ఆ ధ్వజపటంలో ఆలయం బొమ్మ ఉండదు, స్వామి బొమ్మ కూడా ఉండదు, గరుడుడు చాలు. పైగా రాష్ట్ర జెండాలో ఒక క్షేత్రాన్ని పెడితే మిగిలిన క్షేత్రాలవారు, మిగిలిన మతాలవారు తమది ఏదని అడుగుతారు. తెలంగాణలో 2024లో రాష్ట్ర చిహ్నం నుంచి కాకతీయ కళాతోరణం, చార్మినార్ తొలగిస్తారన్న మాట వచ్చినప్పుడు ఎంత అలజడి రేగిందో, ప్రభుత్వం ఎలా వాయిదా వేసుకున్నదో మీకు గుర్తుండే ఉంటుంది. ఒకసారి పెట్టినదాన్ని తీయడం పెట్టడం కంటే కష్టం.

నా మట్టుకు నేనైతే అమరావతి శిల్పాలలోని పూర్ణఘటాన్ని ఒక్కదాన్నే తీసుకుని, మీ కలంతో నాలుగైదు గీతల్లో తేల్చి, కరక్కాయ పసుపు మీద చెవలి వేరు ఎరుపు వేసి చూస్తాను. నదులు కావాలంటే కింద ఒక నీలి పట్టీ చాలు. గీసినదాన్ని మొదట అగ్గిపెట్టె అంతకు కుదించి, వీధి అవతల నిలబడి చూడండి. ఇంటిలోని పిల్లవాడికి ఒకసారి చూపించి, కాగితం దాచేసి, గీయమనండి. ఒకటి మాత్రం జాగ్రత్త: 2018 నవంబరులో నోటిఫై చేసిన మన రాష్ట్ర చిహ్నంలో పూర్ణఘటంతో పాటు అశోకుని సింహాల ముద్ర కూడా ఉంది. ఆ చిహ్నాన్ని ఉన్నది ఉన్నట్లు ఎత్తి గుడ్డ మీద వేయకండి. సింహాల ముద్రను అనుమతి లేకుండా వాడడం 2005 నాటి చట్టం ప్రకారం నేరం.