టెక్ సందేహాలు: ఓటు పడింది ఏ మాటకి?

ప్రశ్న: అన్నా, మేం అనంతపురంలో ఇంజినీరింగ్ చదువుతున్నాం. హాస్టల్లో ఏడుగురం వాట్సాప్ గ్రూపులో నోమిక్ ఆడుతున్నాం. రెండు రౌండ్లు అయిపోయి మెజారిటీ చాలనే దశకు వచ్చినాక ఒకడు 315 నంబరుతో ప్రతిపాదన పెట్టినాడు: '24 గంటల్లో ఓటు వేయనివాళ్ల ఓటు అనుకూలం కిందే లెక్క.' ముగ్గురు సరే అన్నాక, అదే మెసేజ్‌ను ఎడిట్ చేసి 24ను 6 చేసినాడు. ఆ తర్వాత ఇంకొకడు సరే అన్నాడు, ముగ్గురం వద్దన్నాం. 4–3తో పాసయిందన్నారు. మరుసటి రోజు రాత్రి పన్నెండుకు వాడి రూమ్మేట్ 316 పెట్టినాడు. తెల్లారి లేచి చూస్తే అదీ పాస్. అడిగితే 'నిద్రపోయినావు కదప్పా, అదే నీ ఓటు' అంటాడు. ఇది చెల్లుతుందా? రూల్స్‌ను ఏ యాప్‌లో పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు?

జవాబు: తెలియనివారి కోసం ముందు రెండు మాటలు. నోమిక్‌లో ఎత్తు వేయడమంటే రూల్ మార్చడమే. మన బారాకట్టలో వీధికో రూలు ఉన్నా, ఆటకు కూర్చున్నాక వాటిని ఎవరూ ముట్టుకోరు. ఇందులో ముట్టుకోవడమే ఆట. అమెరికాలో ఫిలాసఫీ ప్రొఫెసరు పీటర్ సూబర్ తయారుచేశాడు. 1982 జూన్‌లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో డగ్లస్ హాఫ్‌స్టాటర్ తన శీర్షికలో దీని గురించి రాయడంతో లోకానికి తెలిసింది. మొదట 101 నుంచి 116 వరకు మార్చరాని రూల్స్, 201 నుంచి 213 వరకు మార్చదగ్గవి. మార్చరానివాటినీ మార్చొచ్చు, కాకపోతే ముందు అందరూ ఒప్పుకుని దాన్ని రెండో జాబితాలోకి దించాలి.

ఇప్పుడు మీ 315. దీన్ని పడగొట్టడానికి రెండు దారులున్నాయి. మొదటిది 105. ఆడే ప్రతివాడికీ ఓటుంది, ప్రతి ఓటింగులోనూ ప్రతివాడూ పాల్గొని తీరాలి అంటుందది. నిద్రపోవడాన్ని పాల్గొనడం అనగలరేమో మీవాణ్నే అడగండి. 105 మార్చరాని జాబితాలోది. దానికి అడ్డం వచ్చే మామూలు రూలు పూర్తిగా చెల్లదని 110 చెబుతుంది. ఆ లెక్కన 315 పోతుంది, దాన్ని నమ్ముకుని నిద్రలో పాసైన 316 కూడా పోతుంది.

రెండో దారి 106. నాకు ఇదే గట్టిదనిపిస్తుంది. ప్రతిపాదనను ఓటింగుకు ముందే రాసిపెట్టాలి, పాసైతే ఓటు పడిన రూపంలోనే అమలు కావాలి అని ఆ రూలు. మీ దగ్గర ఓటు పడిన రూపం ఏది? ముగ్గురు 24 గంటలకు సరే అన్నారు, ఒకడు 6 గంటలకు సరే అన్నాడు. ఏడుగురిలో నలుగురు కావాలి. ఏ పాఠానికీ నలుగురు లేరు. అంటే 315 అసలు పాసే కాలేదు. ఓడిన ప్రతిపాదన పెట్టినవాడికి 206 ప్రకారం 10 పాయింట్లు కోత కూడా ఉంటుంది. ఆ సంగతి గుర్తుచేసేటప్పుడు కాస్త మెల్లగా చెప్పండి, ఒకే హాస్టల్లో ఉండాలి కదా. గెలిచిన ప్రతిపాదనను వ్యతిరేకించినందుకు మీ ముగ్గురికీ 204 కింద తలా 10 వచ్చి ఉంటాయి. ఈ దారిలో వెళ్తే అవీ వెనక్కి ఇచ్చేయాలి.

తీర్పు చెప్పేది నేను కాదు. 212 ప్రకారం ఇప్పుడు టర్న్ ఎవరిదో వాడికి ముందు ఆడినవాడే జడ్జి. ఆ తీర్పును కొట్టేయాలంటే జడ్జి కాక మిగతావాళ్లంతా, ఒక్కరూ తప్పకుండా, ఒప్పుకోవాలి. కాబట్టి వివాదం లేవదీసే ముందు వరస చూసుకోండి. జడ్జి ఆ రూమ్మేటే అయ్యే టర్న్‌లో లేవదీస్తే మీ వాదన ఎంత గట్టిదైనా చేతులారా పోగొట్టుకున్నట్టే.

ఇక యాప్ సంగతి. వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ను 15 నిమిషాల దాకా మార్చొచ్చు. 'ఎడిటెడ్' అని చిన్న అక్షరాల్లో పడుతుందే తప్ప పాత మాట ఏమిటో గ్రూపులో ఎవరికీ కనిపించదు. పిన్ చేసినది 30 రోజులకు మించి నిలవదు. పోల్ పెట్టినా ఓటు వేసినవాడు తర్వాత మార్చుకోగలడు. కబుర్లకు వాట్సాప్ బాగుంటుంది, రూల్స్‌కు పనికిరాదు.

గూగుల్ డాక్స్ కొంత నయం. ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీ తెరిస్తే ఎవరు ఎప్పుడు ఏం మార్చారో రంగులతో సహా చూపిస్తుంది. అయితే ఆ హిస్టరీ ఎడిట్ హక్కు ఉన్నవారికే కనిపిస్తుంది. అందరూ చూడాలంటే అందరి చేతికీ కలం ఇవ్వాలి.

మీరు ఇంజినీరింగ్ వాళ్లు కాబట్టి గిట్ వాడమంటాను, ఫైళ్లలో జరిగే ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకునే సాఫ్ట్‌వేర్ అది. రూలుకో చిన్న టెక్స్ట్ ఫైలు, ఫైలు పేరు రూలు నంబరే. ప్రతిపాదన అంటే ఒక పుల్ రిక్వెస్ట్, అంటే 'నా మార్పును కలుపుకోండి' అనే అభ్యర్థన. ఓట్లు దాని కింద కామెంట్లుగా వేయండి, అయితే ఓటులో కమిట్ హ్యాష్ (మార్పును భద్రపరిచిన ప్రతిసారీ గిట్ దానికిచ్చే గుర్తు) మొదటి ఏడు అక్షరాలు కూడా రాయాలి: '315, ఎ3ఎఫ్9సి1బి, సరే' అని. ఫైల్లో 24ను 6 చేసి మళ్లీ కమిట్ చేసిన క్షణంలో హ్యాష్ మారిపోతుంది. పాత హ్యాష్‌కు పడిన ఓటు కొత్త పాఠానికి అంటుకోదు. అందరి లాప్‌టాప్‌లోనూ ఒక క్లోన్ (చరిత్రతో సహా పూర్తి నకలు) ఉంచుకుంటే పాత చరిత్రను ఎవడైనా తిరగరాసినా వెంటనే దొరికిపోతాడు.

అంత హంగు వద్దనుకుంటే ఈమెయిల్ చాలు. అగోరా అనే నోమిక్ 1993 జూన్ 30న మొదలై ఇప్పటికీ నడుస్తోంది, అదీ ఈమెయిల్ మీదే. అందరి ఇన్‌బాక్స్‌లోకీ చేరిన మెయిల్‌ను పంపినవాడు మార్చలేడు, టైము దానిమీదే ఉంటుంది. రూల్స్ ప్రతి ఉంచడానికి ఒకరు, ఓట్లు లెక్కపెట్టడానికి ఇంకొకరు అని అక్కడ పదవులున్నాయి. మీరూ ఆ రెండు పనులు ఒకడికే ఇవ్వకండి.

ప్రశ్న: పాయింట్ల కోసం డైస్ వేయాలి. ఎవరి ఫోన్‌లో వాళ్లు వేసి స్క్రీన్‌షాట్ పెడుతున్నారు. ఒకడికి ఎప్పుడూ ఆరే పడుతోంది. (ప్రొద్దుటూరు)

జవాబు: పడుతుంది మరి, ఎందుకు పడదు! టెలిగ్రామ్ గ్రూపు పెట్టుకుని అందులో డైస్ ఎమోజీ ఒక్కటే పంపండి. అంకెను తేల్చేది టెలిగ్రామ్ సర్వరు, పంపినవాడు కాదు. టర్న్‌కు మొదట పడినదే లెక్క, డిలీట్ చేస్తే సున్నా అని ముందే ఒక రూలు పాస్ చేసుకోండి.

ప్రశ్న: జడ్జిగా ఏఐ చాట్‌బాట్‌ను పెట్టుకోవచ్చా? (కర్నూలు)

జవాబు: రూలు పాసైతే పెట్టుకోవచ్చు, నేనైతే పెట్టను. ప్రశ్న అడిగిన తీరును బట్టి దాని జవాబు మారుతుంది. ముందుగా అడిగినవాడు తనకు అనుకూలంగా అడుగుతాడు. రెండోవాడు ఇంకోలా అడిగి ఇంకో తీర్పు తెస్తాడు. రూల్స్ ఫైలు మొత్తం ఇచ్చి 'దీనికి అడ్డం వచ్చే రూలేమైనా ఉందా' అని వెతికించుకోవడానికి మాత్రం వాడండి. అది చూపిన రూలు నంబరు తీసి మీ కళ్లతో చదువుకోండి, లేని రూలును ఉన్నట్టు చెప్పే అలవాటు దానికి ఉంది.

ప్రశ్న: రూల్స్ మార్చే రూలునే మార్చడం తొండి కాదా? నేను లా చదువుతున్నా, మా తమ్ముడు ఈ ఆటలో అదే చేసినాడు. (కడప)

జవాబు: కాదమ్మా, 115వ రూలు దాన్ని బాహాటంగా అనుమతిస్తుంది. 114 మాత్రం ఒక గీత గీస్తుంది, మార్చడమే అసాధ్యమయ్యేలా మార్చకూడదని. మన రాజ్యాంగంలో సవరణల గురించి చెప్పేది 368వ అధికరణ. 1971లో 24వ సవరణ ఆ 368నే సవరించింది. 1973లో కేశవానంద భారతి కేసులో 13 మంది జడ్జీల ధర్మాసనం ఆ సవరణను నిలబెట్టింది, కానీ మౌలిక స్వరూపాన్ని ముట్టుకోవద్దని 7–6 తేడాతో చెప్పింది. 1976లో 42వ సవరణ 368లోకి ఇంకో రెండు క్లాజులు చేర్చి, సవరణలను ఏ కోర్టూ ప్రశ్నించకూడదంది. 1980లో మినర్వా మిల్స్ తీర్పు వాటిని కొట్టేసింది. సూబర్ ఈ ఆట కట్టింది కూడా ఇలాంటి చిక్కుల కోసమే. మీ తమ్ముడు మార్చిన రూలును 114 పక్కన పెట్టి చదవండి, మీకే తేలిపోతుంది.