ముగ్గు పొయ్యకముందే చూస్కోవాలె

ప్రశ్న: మాది మిర్యాలగూడ. 200 గజాల ప్లాటు, పడమర రోడ్డు, పునాదికి ముగ్గు ఇంకా పొయ్యలేదు. మేస్త్రి ఏమో ప్లాన్ దేనికన్నా, పక్కోళ్ల ఇల్లు చూసి అట్లనే లేపుదాం, ఆ పైసలతోని మంచి టైల్స్ ఏస్కో అంటున్నడు. మా బావ మాత్రం ముందుగాల ఇంజినీరుకు చూపియ్యి, తర్వాత కరెంటు బిల్లు, రిపేర్లు తగ్గుతయి అంటడు. కాయితం మీద గీస్తే కరెంటు బిల్లు ఎట్ల తగ్గుతదన్నా?

జవాబు: మీ బావ మాటే కరెక్టు తమ్మీ. మీది పడమర రోడ్డు కాబట్టి ఇంకా కరెక్టు. మన దిక్కు మే రెండో వారంల మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నెత్తిమీదనే ఉంటడు, అందుకే ఎండాకాలం దక్షిణం గోడకు రెండడుగుల సజ్జ ఉంటే చాలు, కానీ సాయంత్రం పడమర నుంచి ఏటవాలుగ కొట్టే ఎండను ఏ సజ్జా ఆపలేదు. మహబూబ్‌నగర్ల నేనున్న కిరాయింట్ల రాత్రి పదింటికి పడమర గోడకు చెయ్యి ఆనిస్తే రొట్టెల పెంక ముట్టినట్టే ఉండేది, ఏసీ తెల్లారేదాక ఆ గోడతోనే కొట్లాడేది. అందుకే మెట్లు, బాత్రూం, స్టోర్ అటు పెట్టించి పడుకునే రూములు లోపలికి జరపండి. వాస్తు ప్రకారం పెద్ద బెడ్రూం నైరుతిలనే ఉండాలంటరా, సరిగ్గ ఎండ కొట్టే మూల అదే, గొడవెందుకు గానీ పడమర గోడ పొడుగూతా కబ్బోర్డు పెట్టించి కిటికీ దక్షిణానికి తిప్పండి. ఇవన్నీ ఇప్పుడైతే ఫ్రీ, గోడ లేచినంక గడ్డపార కావాలె.

ఇంకోటి, ఇంజినీరు లెక్కలు లేకుంటే మేస్త్రి ఎందుకైనా మంచిదని స్టీలు, సిమెంటు గుమ్మరిస్తడు. సున్నపురాయిని 1450 డిగ్రీల దాకా కాలిస్తేగానీ సిమెంటు కాదు, ఆ రాయిలకెళ్లి కూడా కార్బన్ డయాక్సైడ్ లేస్తది, అంటే ఒక బస్తా మిగిల్తే మీ జేబుకూ గాలికీ లాభమే. అట్లని తక్కువేస్తే కూడా కష్టమే, కింద నల్లరేగడి ఉంటే వానకు ఉబ్బి ఎండకు కుంచించి గోడలు పగులుతయి.

స్లాబు మీద ఎండను వెనక్కి కొట్టే తెల్ల కూల్ రూఫ్ పెయింట్ వేయించండి, 2023లో తెలంగాణ సర్కారు దీనికి పాలసీనే తెచ్చింది. వాన నీళ్ల పైపు ఏ మూల దిగాలె, సంపు ఎక్కడ అన్నది కూడా ప్లాన్‌లనే రాయించండి, బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ కష్టం చూసిన నల్గొండ జిల్లా కదా మనది.

ముగ్గు ఇంకా పొయ్యలేదు కాబట్టి ఈ వారమే సాయిల్ టెస్టు చేయించండి. రిపోర్టు చేతికొచ్చేదాకా మేస్త్రికి అడ్వాన్స్ ఇయ్యకండి.