ఏ బాధో రాయి

చిరంజీవి తమ్ముడికి,

నువ్వు పంపిన 11 కవితలూ చదివాను. వాటిలో ‘బాధ’ అన్న మాట 23 సార్లు వచ్చింది. వెక్కిరించడానికి లెక్కపెట్టలేదు. ఎంత రాసినా మనసు తేలికపడటం లేదన్నావు కదా, కారణం అక్కడే దొరికింది. ఆ మాట ఒక పెద్ద గోతాం. ఏది వేసినా పడుతుంది, ఏం వేశావో నీకే కనపడదు.

కావ్యాలకు సూత్రాలు రాసిన మన లాక్షణికులు ఇంత గంపగుత్తగా చూడలేదు. నాట్యశాస్త్రంలో భరతుడు మనసులో నిలిచి ఉండే 8 స్థాయీభావాలు చెప్పి, వాటిమీద వచ్చిపోయే సంచారీభావాలు 33 అని లెక్కగట్టాడు. నువ్వు ‘బాధ’ అనేసేవాటికే అందులో అరడజను పేర్లున్నాయి. ఒళ్లూ మనసూ డస్సిపోయి చెయ్యి లేవకపోతే గ్లాని. ఒకే ఆలోచన చుట్టూ తిరుగుతుంటే చింత. పూనుకున్న పని చెడిపోతే విషాదం. దేనిమీదా ఆశ పుట్టకపోతే నిర్వేదం. రాయబోయే ముందు వీటిలో ఒకటి పేజీ మూల పెన్సిలుతో రాసుకో. కవితలోకి మాత్రం ఆ పేరు రానివ్వకు. భావాన్ని దాని పేరుతోనే చెప్పెయ్యడాన్ని మమ్మటుడనే లాక్షణికుడు కావ్యప్రకాశంలో రసదోషాల్లో, అంటే రసాన్ని చెడగొట్టే తప్పుల్లో, చేర్చాడు.

తాతయ్య పోయాక రాసిన కవితే చూడు. ‘గుండెల్లో అగ్నిపర్వతం’ ఉంది, ‘కన్నీటి సంద్రం’ ఉంది. రెండూ ఒకేచోట ఉంటే ఒకదాన్నొకటి ఆర్పేస్తాయి! అదే కవిత ఏడో పంక్తిలో కళ్లజోడు పెట్టె ఉంది, నువ్వు పట్టించుకోకుండా దాటేశావు. దాన్ని తెరువు. అద్దాలు తుడుచుకునే గుడ్డ ఆయన మడిచిన మడతలోనే ఉండుంటుంది. నిలువుగా మడిచారా, అడ్డంగానా? ఏ అంచు నలిగింది? విప్పి మళ్లీ మడిస్తే అది నీ మడత అయిపోతుంది. విప్పబోయి చెయ్యి ఆగుతుందే, అక్కణ్ణుంచి మొదలుపెట్టు.

మనసు దించుకోడానికి రాసే రాత వేరు, కవిత వేరు. రెండిటికీ ఒకే నోటుబుక్కు వాడకు. మొదటి రకం రాతమీద పెన్నెబేకర్, బీల్ అన్న అమెరికా పరిశోధకులు 1986లో ఒక ప్రయోగం ప్రచురించారు. విద్యార్థుల చేత వరసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు రాయించారు. తమకు తగిలిన పెద్ద దెబ్బ గురించి, జరిగిందీ అనిపించిందీ కలిపి రాసినవాళ్లకు రాసిన వెంటనే మనసు ఇంకా బరువెక్కింది. తర్వాతి నెలల్లో మాత్రం, మామూలు విషయాలు రాసినవాళ్లకంటే వాళ్లు ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. కాబట్టి రాయగానే ఏడుపొస్తే కంగారుపడకు. అక్షరదోషాలు చూడకు, వెనక్కెళ్లి చదవకు, 15 నిమిషాలకు ఆపెయ్. నాలుగు రోజులూ అదే వాక్యం తిరిగి తిరిగి వస్తుంటే మాత్రం అది పుండు గోక్కోవడమే. కాగితం వదిలి మనిషితో మాట్లాడు. నిద్రా తిండీ దెబ్బతింటే డాక్టరు దగ్గరికి వెళ్లు, కవిత్వం దానికి మందు కాదు.

చదవడం గురించి ఎక్కువ చెప్పను. వారానికి ఒక్క కవిత చాలు. రోజూ ఒకసారి పైకి చదువు, మూడోరోజు చేత్తో ఎత్తిరాయి. రాస్తుంటే నీ చెయ్యి అలవాటు కొద్దీ వేరే మాటవైపు పోతుంది. కవి దాన్ని వదిలి ఇంకోటి ఎందుకు పట్టుకున్నాడో అప్పుడు తెలుస్తుంది. ఫోనులో గబగబా 20 చదివి లైకులు కొట్టావనుకో, కష్టం వచ్చిన రాత్రి ఒక్క పంక్తీ నోటికి రాదు.

ఇంకొకటి. 11 కవితల్లో 9 సూర్యోదయంతో ముగిశాయి. ఓదార్చెయ్యాలన్న తొందర! చివరి మూడు పంక్తులు అరచేత్తో మూసి చదివి చూడు. కవిత నిలబడితే వాటిని కొట్టెయ్.

తాతయ్య కవిత మాత్రం ఇప్పుడే దిద్దకు. ఆరు వారాలు పక్కన పడెయ్. మళ్లీ పంపేటప్పుడు, ఆ గుడ్డ విప్పావో లేదో కూడా రాయి.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య