యూఎఫ్‌ఓ చూశానన్నవాళ్లు అబద్ధం చెప్పడం లేదు, అయినా ఎందుకు తేలడం లేదు?

అడిగిన ప్రశ్న ఇది: "పైలట్లు, నేవీ అధికారులు యూఎఫ్‌ఓలు (ఆకాశంలో కనిపించే, ఏమిటో తేలని వస్తువులు) కళ్లారా చూశామంటున్నారు. వీడియోలు కూడా ఉన్నాయి. అయినా శాస్త్రవేత్తలు ఎందుకు ఒప్పుకోరు? ఇక్కడ ఎవరైనా స్వయంగా చూశారా?"

నేను చూశాను. ఎనిమిదేళ్లు గట్టిగా నమ్మాను. ఆ తర్వాత కొన్నాళ్లు ఎవరేం చూశామన్నా నవ్వి కొట్టిపారేశాను. రెండు పక్షాల్లోనూ ఉండి తిట్లు తిన్నవాడి అనుభవంగా చదవండి.

2004 ఏప్రిల్‌లో ఒక రాత్రి బస్సులో వెళ్తున్నాను. కిటికీలోంచి పడమర వైపు ఒక తెల్లని వెలుగు కనిపించింది. నక్షత్రం అనుకోవడానికి లేదు, అంత కాంతి. బస్సు పోతుంటే వెంటే వచ్చింది. చెట్ల చాటుకు వెళ్లి మళ్లీ బయటపడింది. బస్సు ఆగితే అదీ ఆగింది. దాదాపు గంట తర్వాత దిగిపోయి మాయమైంది. పక్క సీటాయన్ని లేపి చూపించాను కూడా. ఆయన చూసి "అవునండీ, వస్తోంది" అని మళ్లీ నిద్రపోయాడు. నాకు మాత్రం సాక్షి దొరికాడు!

ఈ కథ ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. మా బావ మాత్రం ప్రతిసారీ "ఏదో గ్రహం అయ్యుంటుందిలే" అనేవాడు. అది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. 2012లో ఆయన నోరు మూయిద్దామనే స్టెల్లేరియం అనే ఆకాశపటం సాఫ్ట్‌వేర్‌లో ఆ తేదీ, ఆ సమయం పెట్టి చూశాను. సరిగ్గా అక్కడే శుక్రుడు. ఆ రోజుల్లో శుక్రుడు సాయంత్రం ఆకాశంలో బాగా ప్రకాశంగా ఉన్నాడు. 2004 జూన్ 8న సూర్యబింబం మీదుగా దాటిపోయింది కూడా ఈ శుక్రుడే.

అయినా ఒప్పుకోలేదు. "శుక్రుడు రెండు సెకన్లలో నిలువునా కిందికి దూకడు కదా?" అన్నాను. నాకు బాగా గుర్తు, అది దూకింది. తర్వాత ఇల్లు మారుతున్నప్పుడు అప్పటి నోట్‌బుక్ దొరికింది. ఆ రాత్రే రాసుకున్న నాలుగు లైన్లు: మెల్లగా కిందికి వచ్చింది, ఎర్రబడింది, చెట్ల వెనక్కి పోయింది. దూకడం అనే మాటే లేదు. నేను ఎవరికీ అబద్ధం చెప్పలేదు. చెప్పగా చెప్పగా ఎక్కడో ఆ దూకుడు వచ్చి చేరింది, నాకే తెలియకుండా. నిజం చెప్పాలంటే, శుక్రుడని తెలిసినప్పటికంటే ఆ పేజీ చదివినప్పుడే ఎక్కువ భయం వేసింది.

ఇది నా ఒక్కడి బలహీనత కాదని తర్వాత చదివాను. 1968 మార్చి 3 రాత్రి సోవియట్ అంతరిక్ష నౌక జోండ్-4 ప్రయోగం తాలూకు శకలాలు అమెరికా మీదుగా వాతావరణంలోకి వచ్చి కాలిపోయాయి. వరసగా పోతున్న నిప్పు ముక్కలు, అంతే. చూసినవాళ్లలో చాలామంది ఉన్నదున్నట్టు చెప్పారు. కొందరు మాత్రం చుట్ట ఆకారంలో ఒక విమానం, దానికి వెలుగుతున్న కిటికీలు చూశామని రాశారు. చుక్కకీ చుక్కకీ మధ్య ఉన్న చీకటిని మనసు ఒక ఒడ్డూ పొడుగూ ఉన్న వస్తువుగా కలిపేసింది.

ఇక పైలట్ల సంగతి. పైలట్లు అబద్ధాలాడతారని ఎవరూ అనడం లేదు. చిక్కంతా దూరంతో. ఆకాశంలో ఒక వస్తువు ఎంత దూరంలో ఉందో తెలియకపోతే అది ఎంత పెద్దదో, ఎంత వేగంగా పోతోందో చెప్పలేం. అర కిలోమీటరు దూరంలో ఉన్న బెలూన్, యాభై కిలోమీటర్ల అవతలి విమానం కంటికి ఒకే సైజులో ఉండొచ్చు. 'గో ఫాస్ట్' అని పేరుపడ్డ నేవీ వీడియో చూడండి. 2015లో తీసింది, 2020లో అమెరికా రక్షణ శాఖ అధికారికంగా విడుదల చేసింది. చూస్తే సముద్రం మీద ఏదో బాణంలా దూసుకుపోతున్నట్టుంటుంది. నేనూ మొదట్లో నోరెళ్లబెట్టాను. కానీ వీడియో తెర మీదే విమానం ఎత్తు, కెమెరా కోణం, వస్తువు దూరం అంకెల్లో ఉన్నాయి. వాటితో లెక్క కడితే అది నీళ్లను ఆనుకుని లేదు, సుమారు 13,000 అడుగుల ఎత్తులో ఉంది. 2023లో నాసా నియమించిన బృందం లెక్క ప్రకారం దాని వేగం గంటకు దాదాపు 40 మైళ్లు, గాలికి కొట్టుకుపోయే వేగం. దూసుకుపోతున్నది వీడియో తీస్తున్న విమానం. రైల్లో కూర్చుంటే దగ్గరి కరెంటు స్తంభాలు వెనక్కి పరిగెత్తినట్టు కనిపిస్తాయి కదా, అదే ఇక్కడ పైనుంచి జరిగింది.

అన్నీ ఇలా తేలిపోతాయని మాత్రం అనను. 2004 నవంబర్‌లో అమెరికా విమానవాహక నౌక నిమిట్జ్ పైలట్లు చూసిన తెల్లని వస్తువు సంగతి ఇంత తేలిక కాదు. రెండు విమానాల్లోని మనుషులు చూశారు, పగటిపూట. దాని రాడార్ డేటా బయటికి వచ్చి ఉంటే ఈ పాటికి ఏదో ఒకటి తేలేదేమో. రానంతవరకు "ఏలియన్స్" అనేవాళ్ల దగ్గరా, "ఏమీ లేదు" అనేవాళ్ల దగ్గరా ఉన్నవి ఊహలే.

ఇప్పుడు రెండో తప్పు. శుక్రుడి దెబ్బ తిన్నాక నాకు కొత్త జబ్బు పట్టుకుంది. 2014 మే నెలలో ఆఫీసులో సీనియర్ ఒకావిడ, ముందు రోజు సాయంత్రం కదలకుండా ఉన్న వెలుగు చూశానని చెబుతుంటే, పూర్తిగా వినకుండానే "శుక్రుడు మేడం" అన్నాను. పక్కవాళ్లు నవ్వారు. ఆవిడ ఏమీ అనలేదు. ఇంటికొచ్చి చూస్తే ఆ నెలలో శుక్రుడు తెల్లవారుజామున వేగుచుక్కగా ఉన్నాడు, సాయంత్రం లేనే లేడు. పైగా ఆవిడ చెప్పిన దిక్కు ఉత్తరం, అదీ బాగా కింద. అక్కడ ఏ గ్రహమూ కనిపించదు. నేను శాస్త్రం పేరుతో నోటికొచ్చింది చెప్పాను. మర్నాడు క్షమాపణ అడిగితే "మీరు ఏ దిక్కు అని కూడా అడగలేదు" అంది.

పెద్ద పెద్దవాళ్లకే తప్పలేదు ఇది. అమెరికా వైమానిక దళానికి సలహాదారుగా ఉన్న ఖగోళ శాస్త్రవేత్త అలెన్ హైనెక్, 1966లో మిషిగన్‌లో కనిపించిన కొన్ని వెలుగులు చిత్తడి నేలల్లోంచి వచ్చే వాయువు కావచ్చన్నాడు. జనం ఎగతాళి చేశారు. ఒకప్పుడు పూర్తిగా సందేహవాదిగా మొదలైన ఆయన తర్వాత ఈ విషయాన్ని సీరియస్‌గా పరిశోధించాలనేవాళ్లలో ముందున్నాడు. యూఎఫ్‌ఓ రిపోర్టులను పరిశీలించిన ఆ వైమానిక దళం 'బ్లూ బుక్' ప్రాజెక్టు 1969లో ముగిసేసరికి 12,618 రిపోర్టుల్లో 701 తేలకుండా మిగిలాయి. నమ్మేవాళ్లు 701 చూపిస్తారు, నమ్మనివాళ్లు మిగతా పదకొండు వేల పైచిలుకు చూపిస్తారు. కాగితం ఒక్కటే. తేలలేదు అంటే వేరే గ్రహం నుంచి వచ్చిందని కాదు, అలాగని అక్కడ ఏమీ లేదనీ కాదు. ఈ చిన్న విషయం దగ్గరే సగం గొడవలు మొదలవుతాయి.

"శాస్త్రవేత్తలకు మొండితనం" అనే మాటలో కొంత నిజం ఉంది. ఆకాశం నుంచి రాళ్లు పడతాయని పల్లెవాళ్లు చెబితే పద్దెనిమిదో శతాబ్దపు పండితులు చాలామంది నవ్వారు. 1803 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లోని లేగ్ల్ దగ్గర వేల రాళ్లు పడ్డాయి. బియో అనే శాస్త్రవేత్త వెళ్లి, ఊరూరూ తిరిగి, ఎవరెవరు ఎక్కడ చూశారో, రాళ్లు ఎక్కడ పడ్డాయో పటం గీశాడు. దాంతో వాదన దాదాపు ముగిసింది. ఉరుముల మేఘాల పైన మెరిసే ఎర్రని వెలుగుల గురించీ అంతే. పైలట్లు ఎన్నో ఏళ్లు చెప్పారు, 1989లో కెమెరాకు చిక్కాకే నమ్మారు. ఇప్పుడు వాటికి స్ప్రైట్స్ అని పేరు. యూఎఫ్‌ఓల విషయంలో 1947 నుంచీ కథలు కొండలా పెరిగాయి గానీ, ఎవరైనా తీసుకుని పరీక్షించగల రాయి ఒక్కటీ ఇంకా అందరి ముందుకు రాలేదు. ఒప్పుకోకపోవడానికి అసలు కారణం అదే.

ఈసారి మీకేదైనా కనిపిస్తే ఫోన్‌లో జూమ్ చేయకండి. చుక్క కాస్తా పెద్ద ముద్దలా మారి కొత్త "ఆకారం" పుడుతుంది. ఫ్రేమ్‌లో ఒక చెట్టో, మేడ అంచో ఉండేలా తీయండి. సమయం, దిక్కు, ఎంత ఎత్తులో ఉంది, ఎంతసేపు ఉంది, ఇవి ఎవరితోనూ మాట్లాడకముందే రాసేయండి. చుక్కలు రైలు పెట్టెల్లా వరసగా పోతుంటే స్టార్‌లింక్ ఉపగ్రహాలు కావచ్చు, 2019 మే నుంచి అవి చాలామందిని కంగారు పెట్టాయి.

ఆ మేడం చెప్పిన వివరాలన్నీ తర్వాత కూర్చుని రాసుకున్నాను. విమానం, డ్రోన్, దూరంగా కొండ మీద టవర్ దీపం, అన్నీ చూశాం. టవర్ అక్కడ లేదు. డ్రోన్ అయితే ఇరవై నిమిషాలు కదలకుండా ఎందుకుందో తెలియదు. ఇప్పటికీ ఆ పేజీ పైన "తేలలేదు" అనే ఉంది.