కళ్లజోడుతో డ్రోన్ ఎగరేస్తానంటున్న మేనకోడలికి

అమ్మడూ,

నీ కళ్లడాక్టరు రాసిచ్చిన చీటీ ఫోటో చేరింది. డ్రోన్ కెమెరా బొమ్మను కళ్ల ముందే చూపించే గాగుల్స్‌లో ఏవి కొనాలో ఒక్క ముక్కలో చెప్పమన్నావు. పేరు ఒక్కటి చెప్పడం తేలికే. కానీ పక్కవాడికి అమిరినవి నీకు అమరవు, ఎందుకంటే గాగుల్స్ కుదరడం కుదరకపోవడం నీ చీటీలో అంకెల మీద ఉంది.

కుడికన్ను మైనస్ 4.25, సిలిండర్ మైనస్ 0.75, యాక్సిస్ 170. ఎడమకన్ను మైనస్ 3.75, సిలిండర్ మైనస్ 1.50, యాక్సిస్ 10. సిలిండర్ అంటే కంటి వంపు అన్ని దిక్కులా ఒకేలా లేనందుకు ఇచ్చే దిద్దుబాటు, యాక్సిస్ అంటే అది కూర్చోవాల్సిన కోణం. సైటు నాలుగు దాటిందని నువ్వు బెంగపడుతున్నావు. అది పెద్ద సమస్య కాదు. నిన్ను ఇబ్బంది పెట్టేది ఎడమకంటి సిలిండర్.

గాగుల్స్‌లో రెండు జాతులున్నాయి. ఒకటి పెట్టెలాంటిది: లోపల ఒకే స్క్రీన్, దాని ముందు వెడల్పాటి లెన్స్. ఈచిన్ ఈవీ800డీ, స్కైజోన్ కోబ్రా ఎక్స్, డీజేఐ గాగుల్స్ ఎన్3 ఈ తరహావి. రెండోది బైనాక్యులర్‌లా సన్నగా ఉంటుంది: కంటికొక చిన్న స్క్రీన్, కంటికొక లెన్స్. డీజేఐ గాగుల్స్ 2, గాగుల్స్ 3, వాక్‌స్నెయిల్ గాగుల్స్ ఎక్స్, ఫ్యాట్‌షార్క్‌లో చాలా రకాలు ఇందులోకి వస్తాయి. పెట్టె రకంలో కళ్లజోడు ఉంచుకునే చూడొచ్చు. సన్న రకంలో కళ్లజోడు తీసి, గాగుల్స్‌కే పవర్ పెట్టుకోవాలి. సన్న రకంలోకి కళ్లజోడు ఇరికించే ప్రయత్నం చేయకు. రెండు లెన్సులూ రాసుకుని రెండింటి మీదా గీతలు పడతాయి, గాగుల్స్ లెన్స్ గీసుకుపోతే మార్పించుకోవడం అంత సులువు కాదు.

ఇంకో సంగతి, ఇది కంటికి సంబంధించింది కాదు. గాగుల్స్‌కీ డ్రోన్‌కీ ఒకే వీడియో పద్ధతి ఉండాలి. అనలాగ్ 5.8 గిగాహెర్ట్జ్ కెమెరా ఉన్న వూప్ అనే చిన్న డ్రోన్‌కి డీజేఐ గాగుల్స్ నేరుగా పనికిరావు, డీజేఐ డ్రోన్‌కి వాక్‌స్నెయిల్ పనికిరాదు. ఆఖరికి ఒకే కంపెనీలో కూడా ఏ గాగుల్స్ ఏ డ్రోన్‌తో కలుస్తాయో జాబితా చూసుకోవాలి. ముందు డ్రోన్ ఏదో తేల్చుకుంటే సగం గాగుల్స్ వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి.

ఇక సన్న రకం సంగతి. డీజేఐ గాగుల్స్ 2లో ఒక్కో కంటికి ఒక మర, అంటే వేళ్లతో తిప్పే గుబ్బ, ఉంటుంది. మైనస్ 8 నుంచి ప్లస్ 2 దాకా పవర్ మార్చుకోవచ్చు. గాగుల్స్ 3లో మైనస్ 6 నుంచి ప్లస్ 2 దాకా. పాత డీజేఐ ఎఫ్‌పీవీ గాగుల్స్ వీ2లో ఈ మరే లేదు, లెన్సులు విడిగా పెట్టుకోవాల్సిందే. ఫ్యాట్‌షార్క్ గాగుల్స్‌కి మైనస్ 2, 4, 6 అని మూడు జతల లెన్సులు అమ్ముతారు. నీ సైటు ఈ మూడింటికీ మధ్యలో పడుతుంది కాబట్టి అవి నీకు సర్దుబాటే తప్ప సరిపాటు కాదు.

మర తిప్పితే మారేది ఉత్త పవరు మాత్రమే. సిలిండర్ మారదు. చిన్న సిలిండర్‌ని పవర్‌లో కలిపేసి గడుపుకోవచ్చు: సిలిండర్‌లో సగం తీసి పవర్‌కి కలుపు. నీ కుడికన్నుకి 4.25కి 0.38 కలిపితే మైనస్ 4.62 చిల్లర. అక్కడ మర పెడితే బొమ్మ బాగానే ఉంటుంది. ఎడమకన్నుకి 3.75కి 0.75 కలిపితే మైనస్ 4.50. కానీ అక్కడ ఒకటిన్నర సిలిండర్ అలాగే మిగిలిపోతుంది. చెట్లూ గట్లూ పరవాలేదనిపిస్తాయి గానీ, స్క్రీన్ మీది బ్యాటరీ వోల్టేజి అంకెలకు నీడ పడినట్టుంటుంది, 3 ఏదో 8 ఏదో తెలియదు. ఆ అంకె తప్పు చదివితే డ్రోన్ ఎక్కడ దిగుతుందో నీకు చెప్పనక్కర్లేదు. పైగా ఒక కన్ను స్పష్టంగా, ఒక కన్ను మసకగా చూస్తుంటే పదిహేను నిమిషాలకే కణతలు లాగుతాయి. నా లెక్కలో సిలిండర్ 0.75 దాకా మరతో నెట్టుకురావొచ్చు, 1.00 దాటితే విడి లెన్సులు చేయించుకోవాలి.

గాగుల్స్ 2తో పాటు లెన్సులు బిగించుకోవడానికి చిన్న ఫ్రేములు ఇస్తారు. వాటిని మంచి ఆప్టికల్ షాపుకి తీసుకెళ్తే కొలతకు కోసి బిగిస్తారు. ఇక్కడ నా సలహా కొంచెం వేరు. చాలామంది మొత్తం పవరూ ఆ లెన్సులోనే వేయించి మర సున్నా దగ్గర పెడతారు. నువ్వు సిలిండర్ ఒక్కటే లెన్సులో వేయించు: కుడికి పవర్ సున్నా, సిలిండర్ మైనస్ 0.75, యాక్సిస్ 170. ఎడమకి పవర్ సున్నా, సిలిండర్ మైనస్ 1.50, యాక్సిస్ 10. మిగతా పవర్ మరకు వదిలెయ్. కారణం ఏంటంటే, పవర్ ఎక్కువున్న లెన్స్ మధ్యభాగం నీ కంటిపాపకు ఎదురుగా లేకపోతే బొమ్మ పక్కకు జరుగుతుంది. ఎన్ని సెంటీమీటర్లు తప్పిందో దాన్ని పవర్‌తో గుణిస్తే ఎంత జరిగిందో తెలుస్తుంది. మైనస్ 4 లెన్స్ 3 మిల్లీమీటర్లు తప్పితే 1.2 ప్రిజం (బొమ్మ జరగడాన్ని కొలిచే లెక్క అది). రెండు కళ్లకూ రెండు వైపులకు తప్పితే అది రెట్టింపు. కళ్లు ఆ రెండు బొమ్మల్నీ కలపడానికి కష్టపడి కష్టపడి తలనొప్పి తెచ్చిపెడతాయి. పవర్ మరలోనూ సిలిండర్ లెన్సులోనూ ఉంటే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది. ఇంకేడాదికి సైటు అరపాయింటు పెరిగినా మర తిప్పుకుంటే సరి, లెన్సు మార్చక్కర్లేదు.

అయితే సిలిండర్ లెన్స్ తిరక్కూడదు. యాక్సిస్ 10 డిగ్రీలు తిరిగితే సిలిండర్‌లో మూడోవంతు పని చేయకుండా పోతుంది, 30 డిగ్రీలు తిరిగితే ఆ లెన్స్ ఉన్నా లేనట్టే. షాపులో తీసుకునేటప్పుడే లెన్స్ ఫ్రేములో బిగుతుగా ఉందో లేదో వేలితో తిప్పి చూడు. రెండోది, లెన్స్ ముందువెనకలు మారితే యాక్సిస్ అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది: 10 కాస్తా 170 అవుతుంది. కుడి ఎడమలు మార్చి పెట్టినా చేటే. ఫ్రేము అంచున సన్నటి మార్కర్‌తో కు, ఎ అని రాసి, కంటివైపు ఒక చుక్క పెట్టుకో.

కొనేముందు రెండు కొలతలు కావాలి. మొదటిది కంటిపాపల మధ్య దూరం, షాపులో పీడీ అంటారు. అడిగితే మిషను పెట్టి చూస్తారు. ఇంట్లో అయితే అద్దం ముందు నిలబడి, మిల్లీమీటర్ల స్కేలు కనుబొమల మీద ఆనించి, కుడికన్ను మూసి ఎడమకంటిపాప నడుమ సున్నా పెట్టు. స్కేలు, తల కదలకుండా ఎడమకన్ను మూసి కుడికంటితో అంకె చదువు. మూడుసార్లు తీసి సగటు చూడు. గాగుల్స్ 2కీ 3కీ 56 నుంచి 72 మిల్లీమీటర్ల దాకా సర్దుకునే వీలుంది. నీ పీడీ 57, 58 అలా వస్తే, ఏ గాగుల్స్‌కైనా ఆ కింది హద్దు అంకె చూడకుండా కొనకు.

రెండోది కళ్లజోడు కొలత. కమ్మీ లోపల 52-18-140 లాంటి అంకెలుంటాయి. 52 ఒక అద్దం వెడల్పు, 18 ముక్కు మీది వంతెన, 140 కమ్మీ పొడవు. రెండు అద్దాలూ వంతెనా కలిపితే 122. దాని మీద రెండు పక్కలా కీళ్లకు ఇంకో 10, 12 మిల్లీమీటర్లు. పెట్టె రకం కొంటే ఫోమ్‌కి ఫోమ్‌కి మధ్య ఖాళీ అంతకంటే ఎక్కువ ఉండాలి. కొలిచేటప్పుడు ఫోమ్ పైభాగంలో కాదు, కమ్మీలు వెళ్లే ఎత్తులో కొలువు. చాలా పెట్టెలు పైన వెడల్పుగా ఉండి కణతల దగ్గర ఇరుకవుతాయి.

గాగుల్స్ కోసం విడిగా ఒక చవక జోడు చేయించుకోవడం మంచిది. అద్దం వెడల్పు 48 లోపు, సన్నటి తీగ కమ్మీలు. లావుపాటి ప్లాస్టిక్ కమ్మీ మీద పట్టీ బిగిస్తే చెవుల పైన ఎముక నొక్కుకుంటుంది, అదే కమ్మీ పక్క సందుల్లోంచి వెలుతురు లోపలికి పడుతుంది. ఎండలో నల్లబడే అద్దాలు వద్దు: ఎండలోంచి గాగుల్స్ పెట్టుకోగానే అవి వెంటనే తెల్లబడవు, మొదటి కొన్ని నిమిషాలూ చీకట్లో ఎగరేస్తున్నట్టుంటుంది. పోలరాయిడ్ చలువద్దాలైతే స్క్రీన్ ఒక్కోసారి నల్లగానే కనిపిస్తుంది.

బావ కూడా పెట్టుకుని చూస్తాడన్నావు. ఆయన ప్రోగ్రెసివ్ అద్దాలు గాగుల్స్‌లో పనికిరావు. కింది భాగం చదువుకోవడానికి, పై భాగం దూరానికి కాబట్టి స్క్రీన్‌లో ఒక ముక్కే స్పష్టంగా ఉంటుంది. స్క్రీన్ ముక్కు దగ్గరే ఉంది కదా అని చదువుకునే అద్దాలు పెట్టుకోబోతాడు. అదీ తప్పే, లెన్స్ ఆ బొమ్మను దూరంగా ఉన్నట్టు చూపిస్తుంది కాబట్టి దూరం చూసే జోడే కావాలి. ఇద్దరూ ఒకే గాగుల్స్ వాడేట్టయితే మాత్రం మర ప్రతిసారీ తిప్పుకోవడం విసుగు. ఎన్3 లాంటి పెట్టె రకం హాయి. కళ్లజోడుతోనే పెట్టుకునేలా చేశారు, ఒకే స్క్రీన్ కాబట్టి పీడీ బెడదా లేదు. బరువు మాత్రం 536 గ్రాములు. గాగుల్స్ 2 బ్యాటరీ విడిగా జేబులో ఉంటుంది కాబట్టి 290 గ్రాములే. ఎన్3 బరువంతా కళ్లజోడు మీద పడితే ముక్కు మీద గుంటలు పడతాయి, అందుకే బరువు నుదుటికి ఆనేలా పట్టీ సర్దుకోవాలి, పక్కలు వదులుగా ఉంచి.

షాపులోనో స్నేహితురాలి దగ్గరో పెట్టి చూసేటప్పుడు రెండు నిమిషాల్లో బాగుందనకు. పదిహేను నిమిషాలు ఉంచు. తల కదపకుండా నాలుగు మూలలూ కనిపిస్తున్నాయా చూడు. కళ్లజోడు వల్ల కన్ను లెన్స్‌కి దూరమై మూలలు కోసుకుపోతాయి. కొద్దిగా పోతే కంగారుపడకు, డ్రోన్‌ని సర్దే బీటాఫ్లైట్ సాఫ్ట్‌వేర్‌లో, స్క్రీన్ మీది అంకెల్ని అమర్చే ఓఎస్‌డీ పేజీకి వెళ్లి వోల్టేజినీ టైమరునూ మధ్యకు జరుపుకోవచ్చు.

మర సర్దేటప్పుడు డ్రోన్ బొమ్మ చూసి సర్దకు, అనలాగ్ బొమ్మ ఎలాగూ మసకే. మెనూలోని అక్షరాలు చూడు. ఒక కన్ను మూసి, మరను ప్లస్ చివర నుంచి మొదలుపెట్టి మైనస్ వైపు మెల్లగా తిప్పు. అక్షరాలు తేటపడిన చోటే ఆగిపో. ఇంకా మైనస్‌కి తిప్పినా నీ వయసులో స్పష్టంగానే ఉంటుంది, ఎందుకంటే కన్ను బిగబట్టి సర్దుకుంటుంది. ఆ బిగబట్టడమే సాయంత్రానికి తలనొప్పి. చీటీలో అంకె ఎక్కడ వెతకాలో చెబుతుందంతే, ఎక్కడ ఆగాలో కన్నే చెప్పాలి. తర్వాత మర లాక్ చెయ్యడం మరవకు.

కాంటాక్ట్ లెన్సుల మాట అడిగావు. పని చేస్తాయి, కానీ నీకు సిలిండర్ ఉన్న టోరిక్ రకమే కావాలి. ఎగరేస్తున్నప్పుడు రెప్ప వేయడం తగ్గుతుంది, పైన గాగుల్స్ ఫ్యాను గాలి, కళ్లు ఆరిపోతాయి. దుమ్ములేచే మైదానంలో అయితే అవి వద్దనే అంటాను.

ఆవిరి సంగతి: మన కోస్తాలో ఏసీ కారు దిగి వెంటనే పెట్టుకుంటే గాగుల్స్ లెన్సూ కళ్లజోడూ రెండూ కమ్ముకుంటాయి. పది పదిహేను నిమిషాలు బయటి గాలిలో ఉంచి అప్పుడు పెట్టుకో, నీడలో మాత్రమే. లెన్స్ ఎండవైపు తిరిగి ఉంటే భూతద్దంలా పనిచేసి లోపలి స్క్రీన్‌ని కాల్చేస్తుంది. తీసిన ప్రతిసారీ మూత పెట్టు, లేదా బోర్లించు. చున్నీతో తుడవకు, స్పిరిట్ తగిలించకు. మైక్రోఫైబర్ గుడ్డ చాలు.

సన్న రకం కొంటే ఒక చిక్కు ఉంది, ముందే చెబుతున్నా. డ్రోన్ ఎక్కడో కంపల్లో పడిపోయిందనుకో, గాగుల్స్ తీశాక నీకు పాతిక సెంటీమీటర్ల అవతల అంతా మసకే. కళ్లజోడు గడ్డి మీద పెట్టి ఉంటే దాన్నే తొక్కుతావు. గట్టి పెట్టెలో పెట్టి, డ్రోన్‌ని మామూలు కళ్లతో చూస్తూ పక్కన నిలబడే మనిషి చేతికివ్వు. అలాంటి మనిషి ఎలాగూ ఉండాలి.

నా ఓటు: బావతో కలిసి వాడేట్టయితే ఎన్3 తరహా పెట్టె, తీగ కమ్మీల జోడుతో. నువ్వొక్కదానివే అయితే మర ఉన్న సన్న రకం, సిలిండర్ లెన్సులతో. పీడీ అంకె, కమ్మీ మీది అంకెలు తీసి పంపు. అవి చూసేదాకా డబ్బు కట్టకు. చీటీ ఏడాది దాటిందైతే ముందు కళ్లు చూపించుకో, ఫోటోలో తేదీ కనిపించలేదు.

మావయ్య