కాలువకు పేరిచ్చిన ప్రభువు ఇల్లు

ప్రశ్న: మా ఊరి పక్కనుంచి బకింగ్‌హాం కాలువ పోతుంది. అది తవ్వించిన బకింగ్‌హాం ప్రభువుకు ఇంగ్లండులో పెద్ద భవనం ఉండేదని, ఇప్పుడది హాస్టలు బడిగా నడుస్తున్నదని విన్నాను. అంతటివారి ఇల్లు బడి ఎలా అయింది? దాన్ని జార్జియన్ భవనం అంటున్నారు. జార్జియా దేశంతో ఏమైనా సంబంధమా?
— ఒక పాఠకుడు, చినగంజాం

జవాబు: చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. జార్జియా దేశంతో సంబంధం ఏమీ లేదు. 1714 నుంచి 1830 వరకు జార్జి అనే పేరుగల నలుగురు రాజులు ఇంగ్లండును వరుసగా ఏలారు. వారి కాలంలో కట్టిన భవనాలకు, ముందు స్తంభాల వరుస, ఇరువైపులా తూచినట్టు సరిపోయే రెక్కలు ఉండే ఆ పద్ధతికి జార్జియన్ అన్న పేరు వచ్చింది.

మీరు విన్న భవనం పేరు స్టో. బకింగ్‌హాం పట్టణానికి దగ్గరలోనే ఉంది. టెంపుల్ అనే ఇంటిపేరుగల కుటుంబం గొర్రెల పెంపకంతో సంపాదించి 16వ శతాబ్దంలో ఆ భూముల్లో స్థిరపడింది. 1680 ప్రాంతంలో వారు కట్టిన ఇటుకల ఇల్లే ఇప్పటి భవనానికి కడుపులో ఉంది. దాన్ని పెంచినవాడు అదే కుటుంబానికి చెందిన కోభమ్ ప్రభువు. యుద్ధాల్లో పేరు తెచ్చుకున్న ఈ సేనాని తన తోట కోసం వాన్‌బ్రూ, గిబ్స్, కెంట్ వంటి ఆనాటి మేటి వాస్తుశిల్పులను ఒకరి తరువాత ఒకరిని పిలిపించాడు. తరువాతి కాలంలో ఇంగ్లండు తోటల రూపాన్నే మార్చిన ‘కేపబిలిటీ’ బ్రౌన్ 1741 నుంచి పదేళ్లపాటు అక్కడ తోటమాలుల పెద్దగా పనిచేశాడు. టెంపుల్ అంటే గుడి కదా. ఇంటిపేరుకు తగ్గట్టు తోట నిండా చిన్న చిన్న గుళ్లు కట్టించి, ‘నీ గుళ్లు ఎంత రమ్యములు’ అనే అర్థం వచ్చే లాటిన్ మాటను ఆ కుటుంబం తమ నినాదంగా పెట్టుకుంది. ఇంటిపేరు మీద ఇంత ఖర్చుతో చమత్కారం చేసినవారు మరొకరు ఉంటారనుకోను.

ఇల్లు పెరిగినకొద్దీ బిరుదులూ పెరిగాయి. 1822లో వారింట బకింగ్‌హాం డ్యూక్ అనే పెద్ద ప్రభువు పదవి వచ్చింది. బిరుదులతోపాటు అప్పులూ పెరిగాయి. 1845లో విక్టోరియా రాణి వచ్చి బస చేసినప్పుడు రెండవ డ్యూక్ ఆర్భాటానికి లోటు రానివ్వలేదు. మూడేళ్లు తిరగకుండానే పది లక్షల పౌండ్లకు మించిన అప్పుతో దివాలా తీసి దేశం దాటిపోయాడు. 1848లో ఇంటి సామాను వేలం 40 రోజులు నడిచింది. గోడలమీది చిత్రాలు, వెండి పాత్రలు, నేలమాళిగలోని ద్రాక్షసారాతో సహా అమ్మినా 75,000 పౌండ్ల చిల్లరే వచ్చింది. అప్పుడు 355 గినీలకు (గినీ అంటే పౌండుకు కాస్త ఎక్కువ) అమ్ముడుపోయిన షేక్‌స్పియర్ చిత్రమే, 1856లో లండన్‌లోని జాతీయ వ్యక్తిచిత్రాల ప్రదర్శనశాలకు (నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీకి) అందిన మొదటి చిత్రం.

మీ కాలువకు పేరిచ్చినవాడు ఆ దివాలా తీసినవాడి కొడుకు, మూడవ డ్యూక్. తండ్రికి పూర్తిగా భిన్నమైన మనిషి. ఒక పెద్ద రైల్వే కంపెనీకి అధ్యక్షుడిగా పనిచేస్తూ తండ్రి చిక్కులను విప్పుకొచ్చాడు. 1875లో మద్రాసు గవర్నరుగా వచ్చిన మరుసటి ఏడే ధాత కరువు విరుచుకుపడింది. ఇక్కడ మీ ప్రశ్నలో ఒక చిన్న సవరణ: కాలువను ఆయన తవ్వించలేదు. అది 1806లో మద్రాసు నుంచి ఎన్నూరుకు చిన్న పాయగా మొదలై, మెల్లమెల్లగా ఉత్తరానికి సాగుతూ వచ్చింది. కరువు కూలీలకు పని కల్పించడానికి 1877-78లో మద్రాసు నగరంలో కూవం, అడయారు నదులను కలిపే సుమారు 8 కిలోమీటర్ల ముక్క తవ్వారు; ఆ సందర్భంలో కాలువ మొత్తానికి గవర్నరు పేరు పెట్టారు. ఆకలితో ఉన్నవాళ్లు తవ్వినది ఒక ముక్క, ప్రభువు పేరు పడినది మొత్తానికి. మరొక చిక్కు కూడా ఉంది: కరువు కూలీకి రోజుకు ఒక పౌండు (సుమారు 450 గ్రాముల) గింజల కొలతను ఖాయం చేసి తిట్లు తిన్న సర్ రిచర్డ్ టెంపుల్ వైస్రాయి పంపిన వేరొక అధికారి; పేర్ల పోలికవల్ల ఇద్దరినీ ఒకటి చేసి రాసేవారున్నారు.

ఆ డ్యూక్ 1889లో మగసంతానం లేకుండా చనిపోవడంతో డ్యూక్ పదవి అంతరించింది. ఇల్లు కూతురికి వచ్చింది. అప్పటికే అమెరికా గోధుమల దిగుమతితో భూముల కౌలు పడిపోయింది. 1894లో వారసత్వపు పన్ను వచ్చింది. 1914లో ఆమె పెద్దకొడుకు యుద్ధంలో చనిపోయాడు. 1921లో ఇల్లు, తోట, సామాను మళ్లీ వేలానికి వచ్చాయి. ఇంత పెద్ద కొంపను కొనుక్కుని కాపురం చేయగలిగినవాడు అప్పటికి దొరకడు. కూల్చి రాయి, చెక్క అమ్ముకోవడమే మిగిలింది. ఆ కాలంలో ఎన్నో భవనాలకు అదే గతి పట్టింది. స్టోను కాపాడింది దాని పరిమాణమే. ఒక కుటుంబానికి భరించరాని గదులు వందలమంది పిల్లలకు సరిగ్గా సరిపోయాయి. యుద్ధం తరువాత మధ్యతరగతి నుంచి హాస్టలు బడులకు గిరాకీ పెరగడమూ కలిసివచ్చింది. 1923 మే నెలలో 99 మంది మగపిల్లలతో, రాక్స్‌బరో అనే ప్రధానోపాధ్యాయుడి చేతిమీదుగా బడి మొదలైంది. బడి భవనాల పని చూసిన వాస్తుశిల్పి క్లఫ్ విలియమ్స్-ఎలిస్, భవనానికి దారితీసే పొడవైన చెట్ల బాట ముక్కలుగా అమ్ముడైపోకుండా, దాన్ని సొంత డబ్బుతో కొని నిలిపాడు.

ప్రశ్న: మేము మిల్టన్ కీన్స్‌లో ఉంటాము. పిల్లలను తీసుకుని స్టో చూడాలనుకుంటున్నాము. బడి పెట్టాక పాతది ఏమైనా మిగిలిందా?
— ఒక పాఠకురాలు, ఇంగ్లండు

జవాబు: చాలా మిగిలింది, కొంత పోయింది. భవనం నడిబొడ్డున కోడిగుడ్డు ఆకారంలో ఉండే పాలరాతి శాలను మీరు తప్పక చూడండి. పైన గుమ్మటం, చుట్టూ 16 స్తంభాలు. ఆ స్తంభాలు మాత్రం పాలరాయి కాదు. జిప్సం పొడిలో జిగురు, రంగులు కలిపి, పూసి, నున్నగా మెరుగుపెట్టిన పూత. అద్దంలా మెరిసే మద్రాసు సున్నపు గచ్చు చూసినవారికి ఈ మాయ కొత్తగా అనిపించదు. నేల మాత్రం నిజంగా ఇటలీ పాలరాయే. గోథిక్ పద్ధతి గ్రంథాలయం ప్రధానోపాధ్యాయుడి గది అయింది, విందు శాలలో పిల్లలు భోజనం చేశారు. టెంపుల్, న్యూజెంట్, చాందోస్, గ్రెన్‌విల్ అంటూ డ్యూక్ ఇంటిపేరులో ఉన్న మాటలు ఈ రోజు ఆ బడిలో పిల్లల వసతిగృహాల పేర్లు.

పోయినదాని సంగతి: 1920లలో బడికి ప్రార్థనా మందిరం కట్టినప్పుడు, తోటలోని ఒక పెద్ద గుడి నుంచి 16 స్తంభాలు పెకలించి అందులో నిలబెట్టారు. దాన్ని పొదుపు అనాలో అపచారం అనాలో నాకు తెగదు. తోటలు 1989లో, పాత కట్టడాలనూ తోటలనూ కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ అధీనంలోకి వచ్చాక ఆ గుడికి కొత్త స్తంభాలు చెక్కించి నిలిపారు. భవనాన్ని బాగుచేయడానికి 1997లో వేరే సంస్థ ఏర్పడింది. తోటలూ భవనమూ వేర్వేరు చేతుల్లో ఉన్నాయి గనుక భవనం చూపించే రోజులు ముందే కనుక్కుని బయలుదేరండి; బడి నడిచే రోజుల్లో అన్ని గదులూ తెరిచి ఉండవు.

దక్షిణపు మెట్ల దగ్గర రెండు సింహాలు కనబడతాయి. ఫొటో దిగండి గాని, అవి నకళ్లు. అసలువి ఆ 1920ల అమ్మకాల్లోనే చేతులు మారి, ఎక్కడో సముద్రపు ఒడ్డునున్న బ్లాక్‌పూల్ పట్టణంలోని స్టాన్లీ పార్కుకు చేరాయి.